పడవలో రెండు రోజులు... పొయ్యికి సెలవు!

సెలవులొచ్చాయంటే ఇంట్లో అందరికీ సెలవే, ఒక్క మనకు తప్ప! ఈ మాట మీరూ ఎన్నోసార్లు అనుకునే ఉంటారు. పిల్లలకు బడి ఉండదు, ఆయనకు ఆఫీసు ఉండదు. మనకు మాత్రం రోజూ చేసే ఒక్క టిఫినుకు బదులు రెండు రకాలు చెయ్యాల్సి వస్తుంది. పోనీ ఎక్కడికైనా వెళ్ళొద్దామా అంటే, ఆ ప్రయాణం కూడా మన వంటింట్లోంచే మొదలవుతుంది.

మా మేడ్చల్, శామీర్‌పేట వైపు వాళ్ళనే చూడండి. ఆదివారం వస్తే శామీర్‌పేట చెరువు కట్ట, జింకల పార్కు. లేదంటే చీర్యాల నరసింహస్వామి, కీసరగుట్ట, కొమురవెల్లి మల్లన్న. తెల్లారగట్ల నాలుగింటికి లేచి పులిహోర కలిపేది మనమే. సద్ది డబ్బాలు సర్దేది మనమే. చెట్టు కింద జంపఖానా పరిచి వడ్డించేదీ మనమే. సాయంత్రం ఇంటికొచ్చి అందరూ "అబ్బ, ఎంత హాయిగా గడిచిందో!" అంటూ కాళ్ళు చాపుకుంటుంటే, ఆ డబ్బాలన్నీ ముందరేసుకుని తోమేదీ మనమే. మరి హాయి ఎవరికండీ?

అందుకే ఈసారి మీకు ఒక ప్రయాణం గురించి చెప్పాలనిపించింది. ఇందులో పరుగు లేదు, క్యూలు లేవు. మనిషి నడిచే వేగంతో, నీళ్ళ మీద, రెండు రోజులు. అదే పడవ ప్రయాణం. ఇంగ్లండులో శని, ఆదివారాలొస్తే కాలువల మీద పడవ అద్దెకు తీసుకుని కుటుంబమంతా అలా తిరిగొస్తారు. మన గోదావరి మీద కూడా ఆ హాయి ఉంది. అయితే ఆ హాయి మన వాటాకు కూడా రావాలంటే రెండు సంగతులు ముందే తేల్చుకోవాలి. ఒకటి, పడవలో వంట ఎవరు చేస్తారు? రెండు, ఆ పడవ క్షేమమైనదేనా? ముందు ఇంగ్లండు సంగతి చెప్పి, తర్వాత మన గోదావరికి వస్తాను.

ఇంగ్లండు ఇరుకు పడవ

రైళ్ళు రాకముందు ఇంగ్లండులో బొగ్గు, ఇటుకలు, పింగాణీ సామాను మోయడానికి దేశమంతా కాలువలు తవ్వారు. 1761లో మాంచెస్టరు వైపు బొగ్గు తీసుకెళ్ళడానికి తెరిచిన బ్రిడ్జ్‌వాటర్ కాలువతో ఆ పనికి ఊపు వచ్చింది. ఖర్చు కలిసి రావాలని చాలాచోట్ల కాలువ లాకులను ఏడడుగుల వెడల్పుతోనే కట్టారు. కాబట్టి పడవ కూడా ఏడడుగుల లోపే ఉండాలి. పొడవు మాత్రం డెబ్భై అడుగుల దాకా ఉంటుంది. అందుకే దాని పేరు 'నారో బోట్', అంటే ఇరుకు పడవ. మన ఇంట్లో డబుల్ కాట్ మంచం ఆరడుగులుంటుంది కదా, దాని పక్కన ఇంకొక్క అడుగు కలుపుకోండి. పడవ వెడల్పు అంతే!

ఆ రోజుల్లో గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో పడవను లాగేది. రైళ్ళొచ్చాక పడవ కిరాయిలు పడిపోయాయి. ఒడ్డున ఇంటికి అద్దె కట్టే శక్తి లేక చాలామంది పడవవాళ్ళు పెళ్ళాం పిల్లల్ని పడవలోకే తెచ్చుకున్నారు. సరుకుకు పోగా వెనకవైపు మిగిలింది దాదాపు పదడుగుల గది. అందులోనే బొగ్గు పొయ్యి, మడత పెట్టే మంచం, అల్మారా, పిల్లలు, బట్టలు అన్నీ. అంత ఇరుకులోనూ ఆ ఇల్లాళ్ళు ఇత్తడి సామాను మెరిసేట్టు తోముకునేవారట. తలుపుల మీద, నీళ్ళ డబ్బాల మీద గులాబీలు, కోటల బొమ్మలు రంగులతో వేసి ఉండేవి. ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో గరిటె! మన ఇళ్ళలో ముగ్గు పెట్టనిదే తెల్లవారనట్టే వాళ్ళకూ ఇల్లంటే అంత పట్టింపు అన్నమాట.

ఇంకో ముచ్చట వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో పడవలు నడిపే మగవాళ్ళు చాలకపోతే, ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, ముగ్గురేసి ఒక జట్టుగా లండన్ నుంచి బర్మింగ్‌హాం వైపు సరుకు పడవలు నడిపించారు. తిరుగు ప్రయాణంలో టన్నుల కొద్దీ బొగ్గు వేసుకొచ్చేవారు. వాళ్ళ బ్యాడ్జీ మీద 'ఐ.డబ్ల్యూ.' అనే అక్షరాలుండేవి. 'ఇన్‌లాండ్ వాటర్‌వేస్' అని దాని అర్థం. కానీ జనం దాన్ని 'ఐడిల్ విమెన్', అంటే 'పనిలేని ఆడవాళ్ళు' అని తిప్పి చదివి నవ్వుకునేవారు! చూశారా? పొద్దంతా బొగ్గు మోసినా పేరు మాత్రం పనిలేనివాళ్ళు. "మీ ఆవిడ ఏం చేస్తారు?" అని ఎవరన్నా అడిగితే "ఏం లేదు, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అనే జవాబు మనమూ వింటూనే ఉంటాం కదా!

యుద్ధం అయ్యాక లారీలు పెరిగి కాలువల వ్యాపారం బాగా తగ్గింది. చాలా కాలువలు పూడిపోయే స్థితికి వచ్చాయి. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఆయన తన పడవ ప్రయాణం గురించి రాసిన 'నారో బోట్' పుస్తకం 1944లో వచ్చింది. దాన్ని చదివినవాళ్ళలో కాలువలను కాపాడుకోవాలనే పట్టుదల పుట్టి, 1946లో ఒక సంఘం ఏర్పడింది. అలా మిగిలిన కాలువల మీద ఇప్పుడు సరుకు బదులు సెలవులు గడిపే కుటుంబాలు తిరుగుతున్నాయి.

పడవ అద్దెకు తీసుకుంటే నడిపేది మనమే. సెలవుల పడవకు లైసెన్సు అక్కర్లేదు. ఎలా నడపాలో పడవ ఇచ్చేవాళ్ళే చూపిస్తారు. గంటకు నాలుగు మైళ్ళు మించి పోకూడదు. అంటే కాస్త చురుగ్గా నడిచే మనిషి వేగం. లోపల మంచాలు, బాత్‌రూము, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు ఉంటాయి. సాయంత్రం గట్టున ఏదో ఒక ఊరి దగ్గర కట్టేసుకుని పడుకోవడమే.

వినడానికి ఎంతో బాగుంది కదా! కానీ మా ఆడపడుచు కూతురు బర్మింగ్‌హాంలో ఉంటుంది. ఇంకో తెలుగు కుటుంబంతో కలిసి అలాంటి పడవలో రెండు రోజులు తిరిగొచ్చి నాకు ఫోను చేసింది. "ఎట్లుంది బిడ్డా?" అంటే, "బాగుంది అత్తమ్మా, మన వంటింటిని ఏడడుగులకు కుదించి నీళ్ళ మీద పెట్టినట్టుంది" అంది. మగవాళ్ళిద్దరూ చుక్కాని దగ్గర నిలబడి ఫొటోలు దిగుతుంటే, ఆడవాళ్ళిద్దరూ లోపల మూడు పూటలా చపాతీలు వత్తారట! కిటికీలోంచి బాతులు కనిపించాయి, అదొక్కటే దక్కిందట.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళారు. ఈసారి బయల్దేరే ముందే కాగితం మీద రాసుకున్నారు. శనివారం వంట మగవాళ్ళది, ఆదివారం పొద్దున బ్రెడ్డు, పండ్లు, మధ్యాహ్నం గట్టు మీది హోటల్లో భోజనం. లాకుల దగ్గర తలుపులు తెరిచే పని ఆడవాళ్ళు తీసుకున్నారు. "అత్తమ్మా, ఈసారే మేము పడవ ఎక్కినట్టనిపించింది" అంది. పడవ మారలేదు, కాలువ మారలేదు. మారింది ఆ కాగితం ఒక్కటే!

మనకూ ఉన్నాయి లాకులు

ఇంగ్లండు దాకా పోయే స్తోమత మనకెక్కడిది అంటారా? నిజమే. కానీ కాలువ, లాకు, పడవ మనకు కొత్తవేమీ కావు. మన పక్క చెరువులు ఎక్కువ కాబట్టి మనకు అంతగా తెలియదు గానీ, గోదావరి జిల్లాల ఆడపడుచుల్ని అడగండి. వాళ్ళ అమ్మమ్మలు పుట్టింటికి పడవలో వెళ్ళిన కథలు చెబుతారు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించారు. ఆ నీళ్ళను పొలాలకు తీసుకుపోయే కాలువలను పడవలు కూడా నడిచేట్టు తవ్వించారు. రైళ్ళ కంటే కాలువలే ఈ దేశానికి చవక, మేలు అని ఆయన జీవితాంతం వాదించారు. అలా రాజమండ్రి నుంచి కాకినాడకు, ఏలూరు కాలువ మీదుగా బెజవాడకు, అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా నీటి దారి ఉండేది. బకింగ్‌హాం కాలువను 1877-78 కరువు రోజుల్లో కూలీలకు పని చూపించి పొడిగించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు.

జనాన్ని ఎక్కించుకునే వాటిని రాదారి పడవలనేవారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ కుదరకపోతే గట్టున మనుషులు తాడు భుజానికి వేసుకుని లాగేవారు. ఇంగ్లండులో గుర్రం చేసిన పని ఇక్కడ మనిషి చేశాడు. ఆ సంగతి మాత్రం మరచిపోకూడదు.

లాకు అంటే ఏమిటో చూడనివాళ్ళకు చెబుతాను. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగేచోట పడవ ఒక్కసారిగా దూకలేదు కదా! అందుకని అక్కడ తొట్టిలాంటి గది కట్టి, పైన ఒక జత తలుపులు, కింద ఒక జత తలుపులు పెడతారు. పై నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి రాగానే పై తలుపులు మూసేస్తారు. కింది తలుపుల్లోని చిన్న తూముల నుంచి నీళ్ళు మెల్లగా వదిలితే, నీటితోపాటు పడవ కూడా దిగుతుంది. కింది కాలువకు సమానమయ్యాక కింది తలుపులు తెరుస్తారు. పైకి ఎక్కాలంటే ఇదే పని తిరగేసి చెయ్యాలి. రెండు తలుపులూ మూసినప్పుడు తిన్నగా ఉండవు. మనం దణ్ణం పెట్టినప్పుడు చేతుల కొసలు కలిసినట్టు, ఎగువ వైపు కోసుగా కలుస్తాయి. నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! ఆత్రేయపురం పక్కన లొల్ల లాకులను మీరు సినిమాల్లో చూసే ఉంటారు. అటు వెళితే ఆత్రేయపురం పూతరేకులు ఎలాగూ తెచ్చుకుంటాం, ఆ లాకులను కూడా ఒక పది నిమిషాలు చూసి రండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా ఉంది.

పి.గన్నవరం దగ్గర ఇంకో వింత ఉంది. అక్కడ గోదావరి పాయ మీదుగా వంతెన కట్టి దాని మీద కాలువనే పారించారు. కింద నది, పైన కాలువ! ఇప్పటి వంతెనకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి, వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా కాదనకుండా వండి పెట్టిన మహాఇల్లాలు. పెద్ద పెద్ద కట్టడాలకు వండిపెట్టిన చేతుల పేర్లు పెట్టడం ఎక్కడో గానీ చూడం. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఆ పేరు చదివి పిల్లలకు ఆమె కథ చెప్పండి.

రైళ్ళు, తర్వాత బస్సులు వచ్చాక రాదారి పడవలు పోయాయి. ఇప్పుడు ఆ కాలువలు పొలాలకు నీళ్ళిస్తున్నాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణల్లో కొంత భాగాన్ని కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. అయితే సెలవులకు వెళ్ళే కుటుంబానికి పడవ దొరికేది కాలువలో కాదు, నదిలోనే.

మన వైపు నుంచి ఎలా వెళ్ళాలి?

మేడ్చల్, శామీర్‌పేటల వాళ్ళకు గోదావరి మరీ దూరపు చుట్టం కాదు. ఎల్లంపల్లి నుంచి పైపుల్లో ఆ నీళ్ళే కదా మన వైపుకు వస్తున్నాయి! ఇక నది దగ్గరికి మనం పోవడమే తరువాయి. మూడు దారులున్నాయి.

మొదటిది కోనసీమలోని దిండి. రాజోలు దగ్గర, వసిష్ఠ గోదావరి ఒడ్డున ఉంటుంది. కేరళలో ఉన్నట్టే ఇక్కడ ఆంధ్ర టూరిజం వాళ్ళు ఇళ్ళ పడవలు పెట్టారు. పడక గది, బాత్‌రూము ఉంటాయి. పడవ నడపడానికి, వండి పెట్టడానికి మనుషులుంటారు. ఇంగ్లండు పడవకూ దీనికీ అదే తేడా. శుక్రవారం రాత్రి నరసాపురం వెళ్ళే రైలెక్కితే పొద్దున్నే పాలకొల్లులో దిగొచ్చు. అక్కణ్ణుంచి చించినాడ వంతెన దాటితే దిండి. శనివారమంతా పడవలో ఉండి, ఆదివారం అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకుని, రాత్రి రైలుకు బయల్దేరితే సోమవారానికి ఇల్లు చేరతాం. ఒక్క మాట. ఈ పడవలు మధ్యమధ్య మరమ్మతులకు ఆగుతుంటాయి. టూరిజం ఆఫీసుకు ఫోను చేసి, "ఆ తేదీల్లో పడవ తిరుగుతుందా? భోజనం కిరాయిలో కలిసిందా?" అని అడిగి, తర్వాతే రైలు టిక్కెట్టు తీయండి. కొన్ని బండ్లు ఇప్పుడు చర్లపల్లి నుంచి బయల్దేరుతున్నాయి కాబట్టి టిక్కెట్టు మీద స్టేషను పేరు కూడా చూసుకోండి.

రెండోది పాపికొండలు. 1973 నాటి 'అందాల రాముడు', 2006లో వచ్చిన 'గోదావరి' సినిమాల్లో చూశాం కదా, ఆ దారి! ఒకప్పుడు రాజమండ్రి రేవులోనే లాంచీ ఎక్కేవారు. ఇప్పుడు పోలవరం కట్టడం వల్ల, దానికి ఎగువన గండి పోచమ్మ గుడి దాకా రోడ్డున వెళ్ళి అక్కడ ఎక్కాలి. భద్రాచలం వైపు నుంచైతే పోచవరంలో ఎక్కిస్తారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేది ఒక రకం. వెదురు గుడిసెల్లో రాత్రి ఉండి వచ్చేది ఇంకో రకం.

మూడోది మనకు దగ్గరిది, నాగార్జునసాగర్. నీళ్ళు నిండుగా ఉండే నెలల్లో తెలంగాణ టూరిజం లాంచీ సాగర్ నుంచి శ్రీశైలం దాకా వెళుతుంది. పగలంతా నీళ్ళ మీదే. తేదీలు ముందే ప్రకటిస్తారు.

అసలు మా అత్తమ్మకు పడవంటేనే భయం, పిల్లలు ఎలా ఉంటారో అనుకుంటే ముందు హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి వెళ్ళే పడవ ఎక్కించి చూడండి. కాసేపట్లో ఎవరి సంగతి ఏమిటో తెలిసిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఎండాకాలంలో మరమ్మతులకు డెల్టా కాలువలు కట్టేస్తారు, లాకుల దగ్గర చూడ్డానికి నీళ్ళుండవు. వానాకాలంలో గోదావరికి వరద. "పులస దొరికేది అప్పుడే కదా!" అంటారు మావారు. పులస సీజను వేరు, పడవ సీజను వేరు. రెండూ కలపకండి.

పడవెక్కే ముందు

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2019 సెప్టెంబరు 15 ఆదివారం మనమెవరం మరచిపోయే రోజు కాదు. గోదావరి వరద మీద ఉండగా పాపికొండలకు బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 77 మంది ఎక్కితే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. పోయినవాళ్ళలో మన హైదరాబాదు, వరంగల్ వైపుల నుంచి సెలవుకని వెళ్ళినవాళ్ళున్నారు. మునిగిన పడవను బయటికి తీయడానికే ఐదు వారాలు పైన పట్టింది. ఆ ఇళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

అందుకని సోదరీమణులారా, ఈ నాలుగు మాటలు ఫ్రిజ్జు మీద అంటించుకోండి.

ఒకటి. నది వరదలో ఉన్నా, గాలివాన సూచన ఉన్నా డబ్బు పోతే పోయిందని ప్రయాణం మానుకోవాలి. "ఇంత దూరం వచ్చాక వెనక్కి పోతామా?" అని మగవాళ్ళు అంటారు. పోతాం అని చెప్పే గొంతు మనదే కావాలి.

రెండు. పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ సర్టిఫికెట్టు ఉన్నాయా, ఎంతమందిని ఎక్కించొచ్చని రాసి ఉంది, ఇప్పుడు ఎంతమంది ఎక్కారు అని అడగండి. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇవి ఉండి తీరాలి. కూరగాయల దగ్గర రూపాయికి బేరమాడే మనం ప్రాణం దగ్గర మొహమాటపడితే ఎలా?

మూడు. లైఫ్ జాకెట్టు ఎక్కింది మొదలు దిగేదాకా ఒంటి మీదే ఉండాలి. అన్నం తినేటప్పుడు, ఫొటో దిగేటప్పుడు కూడా. బెల్టులన్నీ బిగించాలి. పిల్లలకు పిల్లల సైజుదే కావాలి. పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో తల మీదుగా జారిపోతుంది. మనం అందరికీ తొడిగి, "నాకెందుకులే, చీర నలుగుతుంది" అని మన జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాం. అది వద్దు! పిల్లలకు తల్లి కావాలి, నలగని చీర కాదు. ఆ రెండు రోజులు పంజాబీ డ్రెస్సు వేసుకుంటే ఇంకా సుఖం. చీరే కావాలంటే కొంగు బొడ్లో దోపుకుని దాని మీద జాకెట్టు కట్టుకోండి.

నాలుగు. ఏదో కనిపించిందని అందరూ ఒక్క పక్కకు పరుగెత్తకూడదు. పడవ ఒరిగేది అలాగే. ఇళ్ళ పడవలో రాత్రి పడుకునే ముందు బయటి తలుపు గడియ పిల్లలకు అందని ఎత్తులో ఉందో లేదో చూసుకోండి.

సద్దిమూట ఎంత కట్టాలి?

ఇక అసలు సంగతికొద్దాం. పడవలో వండి పెట్టేవాళ్ళున్నప్పుడు మనం కట్టాల్సింది రైలు రాత్రికి ఒక్క పూట భోజనం, రెండు రోజులకు చిరుతిండి. అంతే! స్టవ్వు, కుక్కరు, బియ్యం మూట ఏమీ వద్దు. వాటిని తీసుకెళితే వాటితోపాటు పని కూడా వస్తుంది.

రైలుకు పాలు పోసిన దద్దోజనం బాగుంటుంది. గ్లాసు బియ్యం నాలుగు గ్లాసుల నీళ్ళతో మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, గోరువెచ్చగా అయ్యాక రెండు గ్లాసుల కాచిన పాలు, రెండు చెంచాల పెరుగు కలపండి. అల్లం, పచ్చిమిరప, ఆవాలు, కరివేపాకు తాలింపు వెయ్యండి. ఉప్పు తక్కువే వెయ్యండి, చాలకపోతే తినేటప్పుడు కలుపుకోవచ్చు. సాయంత్రం కలిపితే రాత్రి తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది, పులుపెక్కదు. ముందే అంతా పెరుగు పోస్తే రైల్లో మూత తీయగానే వాసన వస్తుంది.

చిరుతిండికి మన సకినాలకు మించినవి లేవు. డబ్బాలో గాలి తగలకుండా పెడితే పది రోజులైనా కరకరలాడతాయి. సర్వపిండి మాత్రం మొదటి రోజే తినేయాలి. పడవ భోజనం ఏ రుచిలో ఉన్నా అన్నంలోకి పల్లీల కారం ఉంటే పిల్లలు పేచీ పెట్టరు. గ్లాసు పల్లీలు దోరగా వేయించి పొట్టు తీసి, ఆరేడు ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, తగినంత ఉప్పు వేసి పలుకుగా దంచుకోవడమే.

అత్తమ్మ బీపీ మాత్రలు, పిల్లల జ్వరం మందు, దోమల క్రీము, టార్చిలైటు, ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టి పెట్టుకోండి. నెలసరి తేదీ చూసుకునే టిక్కెట్లు తీయండి, లేదా కావలసినవి దగ్గర పెట్టుకోండి. పడవ బాత్‌రూములో నీళ్ళు పొదుపుగా వాడాలి. చెత్త వేయడానికి ఒక ఖాళీ సంచి తప్పకుండా తీసుకెళ్ళండి. తిన్న ప్యాకెట్లు గోదావరిలో పారేసి, అదే నీళ్ళు తల మీద చల్లుకుని దణ్ణం పెడితే ఆ తల్లి ఏమనుకుంటుంది చెప్పండి!

ఆ కాగితం మరువకండి

చివరగా ఒక్క మాట. పడవ ఎంత మెల్లగా పోయినా, మనం లోపల గిరగిర తిరుగుతుంటే అది సెలవు కాదు. బర్మింగ్‌హాం పిల్ల చేసినట్టు మీరూ బయల్దేరే ముందు రోజు అందరినీ కూర్చోబెట్టి కాగితం మీద రాయించండి. డబ్బాలు మోసేది ఎవరు? చిన్నదానికి అన్నం తినిపించేది ఎవరు? టీ అడిగి తెచ్చేది ఎవరు? ఇంటికొచ్చాక గిన్నెలు తోమేది, మాసిన బట్టలు మిషన్లో వేసేది ఎవరు? ప్రతి పనికీ ఒక పేరుండాలి. అన్ని పేర్లూ మీదే కాకూడదు.

"మేం తినిపిస్తే తినదు", "మాకు చేతకాదు" అంటారు. రెండు రోజులకు ఎవరికీ ఏమీ కాదు. ఇంటికొచ్చాక కూడా ఆ కాగితం చింపకండి. అందులో ఒకటి రెండు పనులైనా వాళ్ళకే ఉండిపోతే, ఆ పడవ ప్రయాణం ఏడాదంతా సాగినట్టే!

ముందు క్యాలెండరు తీసి, నవంబరు తర్వాత రెండో శనివారం ఎప్పుడో చూసి పెన్సిలుతో సున్నా చుట్టండి. వరద తగ్గిందా, పడవ తిరుగుతోందా అని ఫోను చేయడం మాత్రం ఆయనకు అప్పజెప్పండి. పనుల కాగితంలో మొదటి పేరు అలా పడిపోతుంది. ఏమంటారు?